అయిపోయింది, ఆగిపోయింది

సొహార్‌లో జూలై. తెల్లవారుజాము నాలుగుంబావు.
ఏసీ కింద పెట్టిన బకెట్టు నిండి
చుక్క పడే చప్పుడు మారింది.
నేనింకా ఒక ఖాళీ క్లాసు ముందు కూర్చునే ఉన్నాను.

చెప్పుకుంటే చిన్న పనే.
ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో
వాల్వుల్ని తెరిచి మూసే ప్రోగ్రాముకి రాత్రంతా పరీక్షలు.
ఒక్కో పరీక్షా ఒక్కో లైను రాల్చి పోతుంది:
ఒకటి, సరే. రెండు, సరే. మూడు, కాదు.
ఆ లైన్లను ఒకటి తరవాత ఒకటి అందుకుని
చదివేవాడి చేతిలో పెట్టాలి. అంతే.

అవి ఫైల్లోంచి రావచ్చు, నిన్న రాసి దాచినవి.
జాబితాలోంచి రావచ్చు, ముందే లెక్కపెట్టినవి.
లేదా ఇప్పుడే, ఇంకా ఊపిరాడుతున్న ప్రాసెస్ నోట్లోంచి
పైపు గుండా, వేడివేడిగా.
మూడింటికీ పైన ఒక తల్లి క్లాసు ఉండాలన్నాడు ఖల్ఫాన్,
బోర్డు మీద మూడు గీతలు గీసి, పైన ఒక సున్నా చుట్టి.

ఆ సున్నాకి ఏం తెలియాలి?
మొదట చాలా రాశాను. ఫైలు పేరు, సైజు, సమయం.
ఒక్కొక్కటే కొట్టేశాను.
నీళ్ళు ఏ బావివో అడగని చేద లాంటిది కావాలి నాకు.
చివరికి ఒక్క మాట మిగిలింది: తరవాత?
ఆ మాటకీ లోపల ఏమీ లేదు.
ఎవరైనా నేరుగా తల్లినే అడిగితే
"నాకు రాదు, నా పిల్లల్ని అడుగు" అని
ఒక ఎర్రర్ విసరడమే దానికి తెలిసిన విద్య.

ఫైలు పిల్ల బుద్ధిమంతురాలు,
చివరికొచ్చాక ఖాళీ చేతులు చూపిస్తుంది.
జాబితా మరీ సులువు.
ప్రాసెస్‌తోనే పేచీ.
ముందే మాటిస్తుంది, మొత్తం నలభై ఎనిమిదని.
నలభై ఏడు చెప్పి ఊరుకుంటుంది.
తరవాత? అంటాను.
పైపు అవతల ఉలుకూ పలుకూ ఉండదు.
మొన్న రాత్రి దాన్నే నా క్లాసు "అయిపోయింది" అంది.
నలభై ఏడు సరే, తప్పులు సున్నా అని
తెరంతా పచ్చగా అలికి పెట్టింది.
నలభై ఎనిమిదోది వాల్వు మూసే పరీక్ష.
మొదలైంది. మధ్యలో ప్రాణం పోయింది.
పోతూ ఎవరికీ చెప్పలేదు.

అయిపోయింది, ఆగిపోయింది.
నోట్లో రెండూ పక్కపక్క ఇళ్ళు.
కోడ్‌లో ఒకటే ఇల్లు, తలుపు కూడా లేనిది.

వీధిలో హారను.
బాల్కనీలోకి వెళితే గాలి తడిగుడ్డలా మొహాన అతుక్కుంది.
ఎదురు క్యాంపు ముందు తెల్ల బస్సు,
మెట్టు పక్కన అట్టా పెన్సిలూ పట్టుకుని ఓబులేసు.
పేర్లు పిలవడు. ఎక్కేవాడి భుజం తడతాడు,
అంకె పైకి అంటాడు, గడిలో టిక్కు పెడతాడు.
సెలవు చెప్పినవాడికి అడ్డగీత.
ముప్పై ఒకటి దగ్గర చెయ్యి గాల్లో నిలబడిపోయింది.

"ఖలాస్?" అన్నాడు డ్రైవరు.
"ఖలాస్ యాడ బయ్యా, రుకో," అన్నాడు ఓబులేసు.
ఆపైన తనలో తాను, తెలుగులో:
"రానని జెప్పినాడా? ల్యా.
జెప్పకుండా రాకపోతే పోయి సూడాల గదా."
అట్ట సీటు మీద పడేసి మెట్లెక్కాడు.
మూడో అంతస్తులో ఒక లైటు వెలిగింది.

లోపలికొచ్చి తల్లి క్లాసుకి రెండో మాట నేర్పాను:
ఎలా వెళ్ళావు?
ఫైలూ జాబితా ఎప్పుడడిగినా సున్నా అంటాయి,
క్షేమంగా వెళ్ళామని. నిన్నటివి, వాటికేం.
ప్రాసెస్ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి
ఏ సంకేతం తగిలి పడిందో చెప్పాలి.
చెప్పేదాకా నేను కదలను.
మళ్ళీ నడిపాను. నలభై ఏడు. ఒక్క క్షణం.
తెర ఎర్రబడింది.
ఇంత హాయిగా ఎరుపును ఎప్పుడూ చూడలేదు.

బయట ఇంజను శబ్దం దూరమైంది.
బస్సు వెళ్ళింది. ఓబులేసు వెళ్ళలేదు,
మూడో అంతస్తు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.
ఆ గడిలో ఏం రాశాడో నాకు తెలియదు.

బకెట్టు పొర్లి నేలంతా తడి.
చెప్పులేసుకున్నాను. ఎదురింటికి,
పోయి చూడాలి.